ఫోన్ తడవలేదు, ఫోటోలే పాడయ్యాయి: మేఘనతో దుంగ పడవ రైడ్

మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక స్టిక్కర్ ఉంది. ఎవరికి ఏ కాస్త భయమేసినా అదే పెడతారు. ఒకరికి మేనేజర్‌తో మీటింగ్ ఉంటే ఆ స్టిక్కర్, ఇంకొకరికి వీసా స్టాంపింగ్‌కి డేట్ దొరికితే ఆ స్టిక్కర్, హైదరాబాద్‌లో గట్టిగా ఉరుము ఉరిమినా ఆ స్టిక్కరే. అందులో ఉన్నది మా అమ్మాయి మేఘన. కిందటి వేసవిలో శాన్ ఆంటోనియో దగ్గర ఒక పార్కులో దుంగ పడవ రైడ్ ఎక్కినప్పుడు, పడవ ఎత్తు నుంచి జారే క్షణాన పార్కువాళ్ళ కెమెరా తీసిన ఫోటో అది. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహమంతా ముడుచుకుని, చూస్తే నవ్వొస్తుందన్న మాట నిజమే. మాతో వచ్చిన మా మరిది శ్రీను ఆ ఫోటో కౌంటర్లో కొన్నాడు. కారు పార్కింగ్ దాటకముందే మొహం వరకూ కత్తిరించి స్టిక్కర్ చేసి గ్రూపులో వదిలాడు. అందరూ విరగబడి నవ్వారు, నేను కూడా నవ్వాను.

మేఘనకి ఇప్పుడు పదకొండేళ్ళు. నా టాబ్లెట్‌లో ఆ గ్రూపు చదవడం మొదలుపెట్టింది. ఆ ఏడాదంతా అది చిన్న జారుడుబల్ల కూడా ఎక్కలేదన్న సంగతి మాకు తెలుసు గానీ, ఎందుకో మేం పట్టించుకోలేదు. జూన్‌లో ఒకరోజు నేను గిన్నెలు సర్దుతుంటే పక్కన వచ్చి నిలబడింది. "అమ్మా, మనం ఆ పార్కుకి మళ్ళీ వెళ్దామా? ఆ రైడ్ ఒక్కసారి ఎక్కుతా. కళ్ళు ఓపెన్ చేసే ఉంచుతా. నువ్వు ఫోటో తియ్యి. అది గ్రూప్‌లో పెడితే దే విల్ స్టాప్" అంది. "ఒక్కసారే. సెకండ్ టైమ్ ఎక్కమని అడగొద్దు" అని షరతు కూడా పెట్టింది. గొంతు వింటే ఆటలా లేదు. డాలస్ పక్కనున్న మా ప్లేనో నుంచి ఐదు గంటల డ్రైవ్ అయినా సరే, వెంటనే సరే అన్నాను.

ఇక ఫోటో బాధ్యత నాది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. టెస్ట్ చేయకుండా దేన్నీ నమ్మే రకం కాదు, మా ఆయన్ని కూడా. ఆన్‌లైన్లో తెప్పించిన వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో నా కొత్త ఫోన్ పట్టలేదు. మళ్ళీ తెప్పించే వ్యవధి లేదు. అయితే ఏం, ఇంట్లో జిప్‌లాక్ బ్యాగులకి కొదవా? మా ఇంట్లో జిప్‌లాక్ బ్యాగు ఒకసారి వాడి పారేయడమంటే మహాపాపం. కడిగి, తిరగేసి, సింకు పక్కన గ్లాసుల మీద బోర్లించి ఆరబెట్టి, డ్రాయర్లో దాస్తాం. మీ ఇంట్లోనూ అంతేనని నాకు తెలుసు, బుకాయించకండి. ఆ డ్రాయర్లోంచి అన్నిటికన్నా మందంగా ఉన్నది ఒకటి తీశాను. లోపల టిష్యూ పేపర్ పెట్టి, మూసి, బకెట్ నీళ్ళలో గంటసేపు ముంచి ఉంచాను. టిష్యూ పొడిగా బయటికొచ్చింది. "టెస్ట్ పాస్" అని వంటింట్లోంచే ప్రకటించాను. ఫోన్ పెట్టే ముందు ఈ టిష్యూ పరీక్ష మాత్రం మీరు కూడా తప్పకుండా చేయండి, అందులో ఏ లోపమూ లేదు.

శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్న ఐదున్నరకి బయల్దేరాం. డాలస్ ఊరు తెల్లవారకముందే దాటేయాలి, లేదంటే ట్రాఫిక్‌లో ఉసూరుమంటూ కూర్చోవాలి. అక్కణ్ణుంచి ముప్పై అయిదో నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకుంటే నేరుగా దక్షిణానికి తీసుకెళుతుంది. గంటన్నర తర్వాత వెస్ట్ అనే ఊరొస్తుంది. పేరుకి వెస్ట్ గానీ ఉన్నది టెక్సస్ మధ్యలో. ఎప్పుడో చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊరది. అక్కడి బేకరీల్లో కొలాచీలు అని, మెత్తటి బన్ను మధ్యలో పళ్ళ గుజ్జు పెట్టి కాల్చినవి దొరుకుతాయి. వేడివేడిగా ఆప్రికాట్‌ది ఒకటి తింటే ప్రాణం లేచొస్తుంది. కౌంటర్లో ఉన్న పెద్దావిడ మేఘన వేసుకున్న స్విమ్ షర్ట్ చూసి, "నీళ్ళ పార్కుకేనా? అయితే ఇప్పుడు ఒకటే తిను, మిగతావి సాయంత్రానికి దాచుకో" అంది నవ్వుతూ. మేఘన ఆ ఒక్కటి కూడా సగమే తింది. కారెక్కాక, "ఆ డ్రాప్ ఎంత హైట్ ఉంటుంది నాన్నా?" అని అడిగింది. మా ఆయన "మన ఇల్లు మీద ఇల్లు పెట్టినంత" అని నిజం చెప్పేశాడు. అబద్ధమాడాల్సిన చోట ఈయనకి ఎప్పుడూ నిజమే వస్తుంది.

ఆస్టిన్ దాటాక దారి అందం మారిపోతుంది. చదునుగా ఉన్న నేల గుట్టలు గుట్టలుగా లేస్తుంది, రోడ్డు పక్కన సున్నపురాయి తెల్లగా మెరుస్తుంది, ఓక్ చెట్లు గుబురుగా నీడలు పరుస్తాయి. పదకొండు లోపే పార్కు చేరాం. టికెట్లు ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటే గేటు దగ్గర కన్నా బాగా తక్కువలో వస్తాయి. పార్కింగ్‌కి మాత్రం ముప్పై డాలర్లు పెట్టాల్సిందే. లాకర్ ఒకటి చిన్నది చాలు. తువ్వాళ్ళు, చెప్పులు, తాళాలు అందులో పడేసి, ఫోన్ ఉన్న బ్యాగుకి తాడు కట్టి మెడకి తగిలించుకుని లోపలికి నడిచాను.

ఆ పార్కుని మెచ్చుకోకుండా ఉండలేను. ఎక్కడ చూసినా నీళ్ళే, ఎక్కడా బురద లేదు. పైన టెక్సస్ ఎండ నిప్పులు చెరుగుతుంటే, అడుగడుగునా సన్నటి తుంపర మీద పడుతూ ఉంటుంది. ముందు గుండ్రటి తెప్ప రైడ్ ఎక్కాం. ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటే ఆ తెప్ప రాళ్ళకి తగులుతూ తిరుగుతూ పోతుంది, ఎవరు జలపాతం కిందికి వెళతారో చివరిదాకా తెలియదు. మా ఆయన వెళ్ళాడు. నెత్తి మీద బకెట్లతో కుమ్మరించినట్టు పడ్డాయి నీళ్ళు. ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈ రైడ్‌లో చేత్తో ఫోన్ పట్టుకోనివ్వరు, మెడలో ఉంటే ఏమీ అనరు. నిలువుగా జారే పెద్ద స్లైడ్ల మీదికైతే అసలు తీసుకెళ్ళనివ్వరు. ఏ రైడ్‌కి ఆ రైడ్ నియమం వేరు కాబట్టి లైన్లో నిలబడే ముందే అడగడం మంచిది. తెప్ప దిగాక బ్యాగు చూశాను, లోపల చుక్క లేదు. నా గర్వం ఆకాశాన్నంటింది.

దుంగ పడవ దగ్గరికి వెళ్ళేసరికి ఒంటిగంట. కిందటేడు ఫోటోలు అమ్మిన కౌంటర్ ఈసారి మూసేసి ఉంది. అంటే ఇక నేను తీసే ఫోటోయే గతి. లైన్ ముప్పావుగంట పట్టింది, అంతసేపూ మేఘన దిగే పడవల్నే లెక్కపెడుతూ నిలబడింది. చెయ్యి పట్టుకుంటే ఆ ఎండలోనూ చల్లగా ఉంది. "వద్దంటే వెనక్కి వెళ్ళిపోదాం రా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. పడవలు ఎక్కించే అమ్మాయి నా ఫోన్ చూసి, "తాడు మణికట్టుకి చుట్టుకోండి, పోతే బాధ్యత మీదే" అని హెచ్చరించి ఊరుకుంది. దుంగని తొలిచినట్టుండే ఆ పడవలో ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. ముందు నేను, నా వెనక మేఘన, దాని వెనక వాళ్ళ నాన్న. నేను సెల్ఫీ కెమెరా పెట్టి, భుజం మీదుగా వెనక్కి పట్టుకున్నాను. స్క్రీన్ తడిస్తే వేలితో నొక్కినా పలకదు కాబట్టి పక్కనున్న వాల్యూమ్ బటన్‌తో తీయాలి, అలా సెట్ చేసుకున్నాను. పడవ టకటకమంటూ పైకెక్కింది. పైన ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అప్పుడు చుట్టూ కొండలు, చెట్లు, దూరంగా ఊరు, ఎంత బాగుంటుందో! ఆ వెంటనే పడవ ముక్కు కిందికి వాలింది. నేను బటన్ అదిమి పట్టుకుని అరుస్తూనే ఉన్నాను.

కిందికి దిగగానే మేఘన ఎగిరి గంతేసింది. "అమ్మా! ఐ డిడ్ ఇట్! ఓపెన్ చేసే ఉంచా! హోల్ టైమ్!" నేను ఫోన్ బయటికి తీసి ఫోటోలు తెరిచాను. ఇరవై పైనే ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు మూడు పచ్చటి ముద్దలు, అంతే. ఏది ముక్కో, ఏది కన్నో తెలియలేదు. బ్యాగుని ఎండకి ఎత్తి పట్టుకుని చూశాను. లేత పసుపు రంగు, దాని మీద నూనె పొర. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెల్లుల్లి వాసన గుప్పుమంది. అమ్మ గుంటూరు నుంచి పంపిన ఆవకాయ సీసా కారకుండా చుట్టి పంపిన బ్యాగది. ఎన్నిసార్లు కడిగినా ఆ నూనె పోలేదు. నీళ్ళు కారతాయా అని గంటసేపు టెస్ట్ చేసిన మహాతల్లిని, అందులోంచి ఒక్క ఫోటో తీసి చూడలేదు.

"ఫోటోలు ఊరబెట్టావుగా" అన్నాడు మా ఆయన. నేను కొరకొరా చూశాను. మేఘన ఒక్కో ఫోటో జరుపుతూ, పెద్దది చేసి చూస్తూ, చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. "అమ్మా, ప్రామిస్. నేను అంతా చూశా. కింద బ్రిడ్జ్ మీద ఒకావిడ రెడ్ అంబ్రెల్లా పట్టుకుని ఉంది. షి వాస్ లాఫింగ్" అంది. నేను ముందు, ఆయన వెనక కూర్చున్నాం కాబట్టి మా ఇద్దరిలో ఎవరమూ దాని కళ్ళు చూడలేదు. తల తిప్పి చూస్తే, నిజంగానే బ్రిడ్జి మీద ఎర్ర గొడుగుతో ఒకావిడ నిలబడి ఉంది. నేను నమ్మాను. "నేను గ్రూపులో రాస్తాను, నా కూతురు కళ్ళు మూయలేదని" అన్నాడు వాళ్ళ నాన్న. "నువ్వు ఎలాగూ అలాగే చెప్తావు నాన్నా. వాళ్ళు మళ్ళీ ఆ స్టిక్కరే పెడతారు" అంది మేఘన. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. ఏడాదిపాటు కూడగట్టుకున్న ధైర్యాన్ని పిల్ల ఖర్చు చేస్తే, నేను ఆవకాయ పాలు చేశాను.

మళ్ళీ ఎక్కమని అడగొద్దన్న షరతు గుర్తుంది. నేను అడగలేదు. మొక్కజొన్న పొత్తులు, చికెన్ ముక్కలు కొనుక్కుని నీడలో తిన్నాం, ముగ్గురికీ కలిపి యాభై డాలర్ల దాకా అయింది. తర్వాత లేజీ రివర్‌లో ట్యూబులు వేసుకుని పడుకున్నాం. పార్కు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నెమ్మదిగా కదిలే నీళ్ళు చెట్ల కిందుగా, రాళ్ళ పక్కగా మనల్ని తీసుకుపోతుంటాయి, ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మీద పడుతుంది. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు, పచ్చబొట్ల కుర్రాళ్ళు, అందరూ కళ్ళు మూసుకుని తేలుతుంటారు. మేఘన మాత్రం కళ్ళు తెరుచుకుని పైకి చూస్తూ ఉంది. మూడు చుట్లు తిరిగాక ట్యూబ్ నా దగ్గరికి తోసుకొచ్చి, "అమ్మా, మళ్ళీ ఎక్కుతా" అంది.

"వద్దులేమ్మా. ఒక్కసారే అన్నావుగా."

"ఐ నో. స్టిల్ స్కేరీ. బట్ నాకు ఫోటో కావాలి. ఈసారి నువ్వు ఎక్కకు. కిందనుంచి తియ్యి."

పార్కు షాపులో పౌచ్ ధర చూసి పొద్దున్న ముక్కు విరిచిన నేను, ఈసారి కిక్కురుమనకుండా కొన్నాను. కొన్నాక అక్కడే నిలబడి, దాంట్లోంచి గోడ మీదున్న బొమ్మని ఫోటో తీసి చూసుకున్నాను. స్పష్టంగా వచ్చింది. ప్లాస్టిక్‌కి, లెన్స్‌కి మధ్య గాలి లేకుండా గట్టిగా అదిమి పట్టుకుంటే మెరుపు మరకలు కూడా రావు. అప్పటికి నాలుగున్నర. తుఫాను మబ్బులేవో దూరంగా కనబడి సగం మంది ఇళ్ళకి వెళ్ళిపోవడంతో లైన్ పావుగంటలో కదిలింది. సూర్యుడు బ్రిడ్జి వెనక్కి వచ్చాడు, అంటే పడవలో వాళ్ళ మొహాల మీద నేరుగా వెలుగు. ఆ రైడ్‌కి అసలైన ఫోటో వేళ అదే.

ఎర్ర గొడుగావిడ ఇంకా బ్రిడ్జి మీదే ఉంది. లారెడో అనే ఊరి నుంచి మనవళ్ళతో వచ్చిందట, వాళ్ళు అలిసిపోయేదాకా తను ఇక్కడే ఉంటుందట. ఆ గొడుగు ఎండకి కాదు. పడవ నీళ్ళని కొట్టగానే లేచే అల బ్రిడ్జి మీదికి గోడలా వస్తుంది, దానికి అడ్డంగా పట్టుకోవడానికట. "పడవ నీళ్ళని తాకేదాకా తీసుకో. తాకగానే నా వెనక్కి రా" అంది. ఇరవై నిమిషాలు ఆవిడ పక్కనే నిలబడి, వచ్చిన ప్రతి పడవనీ తీసి సాధన చేశాను. ఎవరెవరో తెలియని జనం అరుపులన్నీ నా ఫోన్లో ఉన్నాయిప్పుడు.

తర్వాత పైన మేఘన కనబడింది. ముందు సీట్లో కూర్చుంది. పడవ అంచున ఆగింది. అంత దూరం నుంచి దాని పచ్చ షర్ట్ తప్ప ఏమీ కనబడలేదు. పడవ వాలింది. నేను బటన్ అదిమాను. ఈసారి స్క్రీన్ వైపు కాదు, దాని వైపే చూశాను. కళ్ళు ఇంతింత చేసుకుని, నోరంతా తెరిచి అరుస్తూ, నా పిల్ల నేరుగా నన్నే చూస్తూ దిగింది. దాని వెనక వాళ్ళ నాన్న మొహం మాత్రం చేతుల్లో దాక్కుని ఉంది. ఆవిడ నన్ను గొడుగు వెనక్కి లాగకపోతే అల నన్ను ఎత్తి పడేసేదే. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. "ఆ పిల్ల నీ కూతురా? ఎంత ధైర్యం!" అంది ఆవిడ. నేను ఆవిడ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

తొమ్మిదో ఫోటో అద్భుతంగా వచ్చింది. హోటల్ గదికి చేరి స్నానాలు అయ్యాక, నేను గ్రూపు తెరిచి, ఆ ఫోటో ఎక్కించి, కింద ఏం రాస్తే శ్రీను నోరు మూతపడుతుందా అని ఆలోచిస్తున్నాను. మేఘన వచ్చి నా ఫోన్ మీద చెయ్యి పెట్టింది.

"పంపకమ్మా. బాబాయ్‌కి కాల్ చెయ్యి. నేను మాట్లాడతా."

స్పీకర్‌లో పెట్టాను. శ్రీను ఉండే శాంటా క్లారాలో గడియారం మాకన్నా రెండు గంటలు వెనక, ఇంకా ఆఫీస్ టైమే, అయినా రెండో రింగుకే ఎత్తాడు. "చెప్పరా మేఘూ, ఏంటి సంగతి? మళ్ళీ వెళ్ళారటగా!"

"బాబాయ్, గ్రూప్‌లో నా స్టిక్కర్ ఉంది కదా. అది నాకు నచ్చలేదు. డిలీట్ చెయ్యి. అందరికీ డిలీట్ చెయ్యమని చెప్పు."

నేను గాభరాపడి, మెల్లగా మాట్లాడమని సైగ చేశాను. పెద్దవాళ్ళతో, అందులోనూ బాబాయితో అంత సూటిగానా అని. అది నా వైపు చూడనేలేదు.

"అరే, అది జోక్ కదరా! ఎంత క్యూట్‌గా ఉన్నావో అందులో. అందరూ నవ్వుతారు."

"అందరూ నవ్వుతారు. నేను నవ్వను."

శ్రీను గొంతు మారింది. "అయ్యో, సారీ తల్లీ. నాకు తెలియదురా. ఏడాది నుంచి ఉంది కదా, ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

"భయమేసింది" అంది మేఘన. "ఇవాళ వెయ్యలేదు."

ఈ ప్రయాణం గురించి రాయమని అడిగిన స్నేహితులు చాలామంది ఏ పౌచ్ కొనాలి, ఏ వేళకి వెళ్ళాలి అని అడిగారు. అవన్నీ పైన చెప్పాను. ఆ పార్కు నిజంగా బాగుంటుంది, ఆ నీళ్ళు, ఆ కొండలు, పైనుంచి కనబడే ఆ ఒక్క క్షణం, అన్నీ వెళ్ళి చూడాల్సినవే. కానీ నేను ఆ రోజు చూసిన వాటన్నిటిలో ఎత్తయినది ఆ దుంగ పడవ కాదు. ఏడాదిగా నాకు తట్టని, తట్టినా మొహమాటంతో చెప్పలేని మాటని, హోటల్ మంచం మీద తడి జుట్టుతో కూర్చుని నా కూతురు రెండు ముక్కల్లో చెప్పింది. ఆ రాత్రి స్టిక్కర్ పోయింది. తొమ్మిదో ఫోటో మాత్రం గ్రూపులోకి వెళ్ళలేదు, ఈ బ్లాగులోకీ రాదు. అడిగాను, వద్దంది. కాబట్టి వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. మీ పిల్లల ఫోటో ఎంత బాగా వచ్చినా, ఎంత నవ్వు తెప్పించినా, ఎవరికైనా పంపే ముందు ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, పంపనా అని అడగండి.